గాయం కనిపిస్తుంది... కారణం కనిపించదు

'ఎగిరే పళ్లాల' టీవీ కథనాల్లో నమ్మదగినదెంత?

చీకటి రోడ్డు. చెట్ల మీదుగా దిగివచ్చే వెలుగు. గుండె దడదడలాడించే సంగీతం. ఒక మనిషి చొక్కా చేయి పైకి మడిచి మచ్చ చూపిస్తాడు. ఆకాశంలోంచి వచ్చిన వెలుగు తనను కాల్చిందంటాడు. "ఇది మరో లోకపు వాహనమేనా?" అని వెనుక నుంచి గంభీరమైన గొంతు ఒకటి అడుగుతుంది. జవాబు చెప్పకుండానే కార్యక్రమం ముగిసిపోతుంది. ఎగిరే పళ్లాల మీద టీవీలో వచ్చే పరిశోధనలు చాలావరకు ఈ తీరుగానే నడుస్తాయి. మర్నాడు రచ్చబండ దగ్గర అదే చర్చ. "మచ్చ కళ్లారా చూశాం గదా, ఇక అబద్ధమెలా అవుతుంది?" అన్నది చాలామంది వాదన.

ఈ వాదనలో ఒక చిక్కు ఉన్నది. అది గ్రామాల్లో అందరికీ తెలిసిన చిక్కే. పొలం గట్టు దగ్గర తగాదా జరిగి ఒకరికి తల పగిలిందనుకుందాం. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు గాయాల సర్టిఫికెట్ ఇస్తాడు. గాయం ఎంత పొడవు, ఎంత లోతు, ఏ పాటి వస్తువుతో తగిలి ఉండవచ్చు, సామాన్యమైనదా, తీవ్రమైనదా అన్నది అందులో రాస్తాడు. కొట్టిన వాడెవరో మాత్రం అందులో ఉండదు. అది తేలాలంటే వేరే సాక్ష్యం కావాలి. గాయం ఒక ప్రశ్న, దానికి కారణం మరో ప్రశ్న. టీవీ కథనాలు ఈ రెండింటినీ కలిపి ఒకటే ముడి వేస్తాయి. ఆ ముడి విప్పి చూడడమే పరీక్ష.

టెక్సాస్‌లో ఏం జరిగింది?

ఎగిరే పళ్లాల వల్ల గాయపడ్డామన్న కేసుల్లో ప్రపంచమంతటా పేరుపడినది అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో జరిగింది. 1980 డిసెంబర్ 29 రాత్రి సుమారు 9 గంటల వేళ హూస్టన్ నగరానికి దగ్గరలోని ఒక అడవి రోడ్డు మీద ఇద్దరు మహిళలు, ఏడేళ్ల బాలుడు కారులో వెళుతున్నారు. మహిళల్లో ఒకరికి 51 ఏళ్లు, మరొకరికి 57. చెట్ల ఎత్తున, వజ్రం ఆకారంలో, అడుగు నుంచి మంటలు చిమ్ముతూ ఒక పెద్ద వస్తువు రోడ్డుకు అడ్డంగా నిలిచిందని వారు చెప్పారు. కారు దిగి చూశామని, వేడికి కారు రేకు చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయిందని అన్నారు. కాసేపటికి ఆ వస్తువు పైకి లేచిందట. దాని చుట్టూ హెలికాప్టర్లు మూగాయని, తాము 23 దాకా లెక్కపెట్టామని చెప్పారు.

ఆ రాత్రే ముగ్గురికీ వాంతులు, కళ్ల మంటలు, ఒళ్లు కందిపోవడం మొదలైనట్లు వారి కథనం. కారు నడిపిన 51 ఏళ్ల మహిళ ఎక్కువసేపు బయట నిలబడింది. ఆమె పరిస్థితి అందరికన్నా ఎక్కువగా దిగజారింది. 1981 జనవరి 3న ఆసుపత్రిలో చేరింది. పొక్కులు లేచాయని, జుట్టు కుచ్చులుగా ఊడిందని అన్నారు. ఆమె ఆసుపత్రిలో చేరడం, చికిత్స పొందడం కల్పన కాదు. ఆ కుటుంబాల బాధను నాటకమనడానికి ఎవరికీ హక్కు లేదు. వచ్చిన చిక్కంతా ఆ జబ్బు దేనివల్ల వచ్చిందన్న దగ్గరే.

టీవీకి ఎక్కిన తర్వాత...

జాన్ షుస్లర్ అనే ఇంజనీరు ఈ కేసును చేపట్టి ఏళ్ల తరబడి తిరిగారు. ఆయన అంతరిక్ష రంగంలో పనిచేసిన మనిషి. ఎగిరే పళ్లాల సమాచారం సేకరించే సంఘంలో ముఖ్యుడు. 1980 దశకం మొదట్లోనే 'దట్స్ ఇన్‌క్రెడిబుల్' అనే అమెరికా టీవీ కార్యక్రమంలో ఈ ఉదంతం వచ్చింది. పెద్ద వయసు మహిళను హిప్నాటిజంలో ఉంచి ఆ రాత్రి సంగతులు మళ్లీ చెప్పించారు. ఆమె కన్నీరు మున్నీరుగా విలపించడం చూసినవారికి ఇక సందేహమేముంటుంది? తర్వాత 'అన్‌సాల్వ్డ్ మిస్టరీస్' వంటి కార్యక్రమాలు ఆ రాత్రిని నటీనటులతో మళ్లీ చిత్రించి చూపాయి.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది హిప్నాటిజం. నిద్రలో మనిషి నిజమే చెబుతాడన్న నమ్మకం లోకంలో ఉన్నది. అయితే 1985లో అమెరికన్ వైద్య సంఘం నిపుణుల మండలి ఈ విషయాన్ని పరిశీలించి, అలా రాబట్టిన జ్ఞాపకాలు మామూలు జ్ఞాపకాల కన్నా ఎక్కువ నమ్మదగినవి కావని తేల్చింది. జరగని సంగతులు కూడా జరిగినట్లే తోచే ప్రమాదమున్నదని హెచ్చరించింది. ఏడుపు నిజమైనది కావచ్చు. అందులో చెప్పిన ప్రతి మాటా నిజం కానక్కర లేదు.

రెండవది నటులతో తీసిన దృశ్యం. అది సాక్ష్యం కాదు, బొమ్మ. వీధి నాటకంలో రావణుడికి పది తలలు కనిపించినంత మాత్రాన వేషగాడికి పది తలలున్నట్లు కాదు గదా. కానీ రెండు మూడుసార్లు చూసేసరికి ఆ బొమ్మే కళ్లలో నిలిచిపోతుంది. సాక్షులు అసలు ఏం చెప్పారో, టీవీ వారు ఏం కలిపారో విడదీయడం కష్టమవుతుంది.

కోర్టు ఏమన్నది?

బాధితులు ఊరుకోలేదు. హెలికాప్టర్లు ప్రభుత్వానివేనని, కాబట్టి ఆ వస్తువుకు కూడా ప్రభుత్వానిదే బాధ్యత అని 2 కోట్ల డాలర్ల నష్టపరిహారం కోరుతూ దావా వేశారు. అంతకు ముందే 1982లో సైన్యం తరఫున ఒక అధికారి విచారణ జరిపాడు. సాక్షులు అబద్ధాలాడేవారిగా తనకు కనిపించలేదన్నాడు. కానీ ఆ రాత్రి సైన్యం హెలికాప్టర్లు అక్కడ ఎగిరినట్లు ఆధారమేదీ దొరకలేదన్నాడు. ఆ ప్రాంతంలోనే ఒక పోలీసు అధికారి, ఆయన భార్య తాము హెలికాప్టర్లు చూశామని చెప్పిన మాట కూడా రికార్డులో ఉన్నది. అది సాక్షులకు అనుకూలమైన మాటే. అయితే హెలికాప్టర్లు ఎగిరాయని రుజువైనా మంటలు చిమ్మే వస్తువు ఉన్నదని రుజువు కాదు.

1986 ఆగస్టులో కోర్టు ఈ దావాను కొట్టివేసింది. ఆ వస్తువుకు గాని, హెలికాప్టర్లకు గాని ప్రభుత్వంతో సంబంధమున్నట్లు నిరూపణ కాలేదన్నది సారాంశం. జబ్బు లేదని కోర్టు అనలేదు. ఎగిరే పళ్లెం వచ్చిందని కూడా అనలేదు. టీవీలో మాత్రం ఎవరికి కావలసినట్లు వారు ఈ తీర్పును వాడుకున్నారు.

లక్షణాల లెక్క సరిపోయిందా?

ముగ్గురికీ అణు కిరణాలు తగిలాయని ఎన్నో కథనాల్లో చెప్పారు. కిరణాల దెబ్బకు ఒక వరస ఉంటుంది. మోతాదు ఎక్కువైతే వాంతులు కొద్ది గంటల్లోనే మొదలవుతాయి. జుట్టు ఊడడం మామూలుగా రెండు మూడు వారాలకు గాని మొదలు కాదు. చర్మం పొక్కి ఊడడానికి కూడా రోజులు, వారాలు పడుతుంది. ఆ రాత్రే అన్నీ ఒక్కసారి మొదలవ్వాలంటే మోతాదు మరీ ఎక్కువై ఉండాలి. అంత మోతాదు ఒళ్లంతా పడిన మనిషి వారాల్లోనే ప్రాణాలు పోగొట్టుకోవచ్చు. ఆ మహిళ 1998 దాకా, అంటే 18 ఏళ్లు జీవించింది. కాబట్టి 'అణు కిరణాలు' అన్న మాట ఇక్కడ అతకడం లేదని పరిశీలకులు చెప్పారు.

మరి ఏమై ఉండవచ్చు? ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందుగా ఒక కాగితం కావాలి. ఆ రాత్రికి ముందు వారి ఆరోగ్యం ఎలా ఉన్నదో చెప్పే వైద్య రికార్డు అది. విమానయాన పత్రికా రచయిత, ఎగిరే పళ్లాల కథలను ఏరి పరిశీలించడంలో పేరుపొందిన ఫిలిప్ క్లాస్ పట్టుబట్టినది దీని మీదే. ముందు లేని జబ్బు తర్వాత వచ్చిందని చూపితేనే సగం దారి నడిచినట్లు. టీవీ కార్యక్రమాల్లో మచ్చలు, ఊడిన జుట్టు, కన్నీళ్లు చూపారు. ముందరి రికార్డు మాత్రం తెర మీదికి రాలేదు.

ఆమె చనిపోయిన తేదీ డిసెంబర్ 29. సరిగ్గా ఘటన జరిగిన తేదీయే. ఇటువంటి కలయిక టీవీ కథనానికి మంచి ముగింపు అవుతుంది. కానీ తేదీ కలవడం కారణం కాదు. ఏడాదిలో ప్రతిరోజూ ఎవరో ఒకరు కాలం చేస్తూనే ఉంటారు.

మన దేశంలో 'ముహ్‌నోచ్వా'

ఇదంతా అమెరికా గొడవ అనుకోవడానికి లేదు. 2002 జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో 'ముహ్‌నోచ్వా' అన్న పేరు గడగడలాడించింది. 'ముఖం రక్కేది' అని దాని అర్థం. రాత్రిపూట ఎర్రగా, నీలంగా మెరిసే వస్తువు ఎగిరి వచ్చి, ఆరుబయట పడుకున్నవారి ముఖాలను, చేతులను రక్కిపోతున్నదని మీర్జాపూర్ వైపు గ్రామాల్లో మొదలై చుట్టుపక్కలకు పాకింది. కొందరు బంతి ఆకారమన్నారు, కొందరు తాబేలు ఆకారమన్నారు. ఒంటి మీద గీతలు, బొబ్బలు చూపారు. టీవీ కెమెరాలు వచ్చాయి, పత్రికలు రాశాయి. చూపిన కొద్దీ కొత్త ఊళ్లలో కొత్త గాయాలు బయటపడ్డాయి.

ఆ ఏడు జూలైలో దేశంలో చాలా చోట్ల వానలు ముఖం చాటేశాయి. ఉక్కపోత, కరెంటు కోత. ఇళ్లలో నిద్రపట్టక జనం ఆరుబయటే పడుకునే రోజులు. అటువంటి వేళ ఈ పుకారు వచ్చింది. గ్రామస్థులు డప్పులు కొడుతూ రాత్రంతా కాపలా తిరిగారు. పోలీసులు పట్టించుకోవడం లేదని ఆగ్రహించి జనం గుమిగూడారు. ఒకచోట పోలీసు కాల్పుల్లో ఒకరు మరణించినట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆకాశంలోంచి వచ్చినదేమిటో తేలలేదు గాని, నేల మీద ప్రాణం మాత్రం పోయింది.

గాయాలను చూసిన లక్నో వైద్యులు ఇది జనమంతా ఒకేసారి భయానికి లోనైన స్థితి అన్నారు. చాలా గాయాలు పైపై గీతలేనని, కలవరపాటులో తమకు తామే రక్కుకున్నవి కూడా ఉన్నాయని చెప్పారు. పోలీసులు రెక్కల పురుగును పట్టి చూపి ఇదే కారణమన్నారు. కాన్పూర్ ఐఐటీ వారు పొడి వాతావరణంలో పుట్టే మెరుపు బంతులు కావచ్చునన్నారు. ఈ మూడు మాటల్లోనూ ఒక్కటే మందు అందరికీ సరిపోతుందన్న ధోరణి ఉన్నది. నిజానికి ఒక ఊళ్లో పురుగు, ఒక ఊళ్లో ఎలుక, ఒక ఊళ్లో మంచం మేకు, ఒక ఊళ్లో భయం కారణం కావచ్చు. అన్నింటికీ ఒకే పేరు పెట్టిన తర్వాత అన్నీ ఒకే దాడిలాగ కనిపిస్తాయి. పుకారు చేసే పని అదే.

తెలుగు నేల మీద ఆకాశపు భయాలు

తెలుగు పల్లెల్లో పెద్దలకు స్కైలాబ్ గుర్తుండే ఉంటుంది. 1979 జూలైలో అమెరికా అంతరిక్ష కేంద్రం కూలి నెత్తిన పడుతుందన్న భయంతో, చావు ఎలాగూ తప్పదని కోళ్లు, మేకలు కోసుకుని తిన్నవారున్నారు. గొడ్డు గోదా అయినకాడికి అమ్ముకున్నవారున్నారు. జూలై 11న స్కైలాబ్ కూలింది. దాని ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలోనూ పడ్డాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇక్కడ నష్టపోయినవారు స్కైలాబ్ వల్ల కాదు, భయం వల్ల నష్టపోయారు.

ఆకాశం నుంచి నిజంగా దిగివచ్చేవి కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో టాటా పరిశోధనా సంస్థ వారి బెలూన్ కేంద్రమున్నది. పలుచని ప్లాస్టిక్ పొరతో చేసి హైడ్రోజన్ నింపిన పెద్ద బెలూన్లను పరికరాలతో సహా 30 కిలోమీటర్లకు పైన పంపుతారు. పని ముగిశాక పరికరాలు రంగుల పారాచూట్ సాయంతో ఎక్కడో పొలంలో దిగుతాయి. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఒక వింత గోళం పొలంలో దిగేసరికి చుట్టుపక్కల జనమంతా పరుగెత్తి వచ్చారు. తీరా చూస్తే అది స్పెయిన్ కంపెనీ కోసం హైదరాబాద్ కేంద్రం నుంచి పంపిన బెలూన్ తాలూకు గది. ఇటువంటివి పడితే తాకరాదని, లాగరాదని, కొన్నింటిలో ఎక్కువ వోల్టేజి కరెంటు ఉంటుందని, పోలీస్ స్టేషన్‌కు తెలియజేయాలని ఆ సంస్థ పత్రికా ప్రకటనలు ఇస్తూ వస్తున్నది. వింత వస్తువు వల్ల గాయం కావాలంటే ఈ దారిలో అయ్యే అవకాశమే ఎక్కువ.

2019 నుంచి మరో దృశ్యం తోడైంది. రాత్రి ఆకాశంలో పూసల దండలాగ వరసగా కదిలే దీపాలు. అవి ఇంటర్నెట్ కోసం ఒక అమెరికా కంపెనీ గుంపులుగా పంపే స్టార్‌లింక్ ఉపగ్రహాలు. వాటి వెలుగు సూర్యకాంతి పడి మెరిసేదే గాని ఒంటిని కాల్చేది కాదు.

ఇక మరో లోకపు వాహనాల సంగతి. అమెరికా వైమానిక దళం 1969 వరకు నడిపిన విచారణలో 12,618 ఉదంతాలను పరిశీలించింది. వాటిలో 701 తేలకుండా మిగిలాయి. 'తేలలేదు' అంటే అదేమిటో గుర్తించలేకపోయారని అర్థం; పరలోకవాసులు వచ్చారని కాదు. 2023లో నాసా నియమించిన నిపుణుల బృందం, 2024లో అమెరికా రక్షణ శాఖ విడుదల చేసిన నివేదిక కూడా ఇతర లోకాల వాహనాలకు ఆధారం లేదనే చెప్పాయి.

చూసేవారు అడగవలసినవి

టీవీలో గాని, చేతి ఫోనులో గాని ఇటువంటి కథనం వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

గాయాన్ని డాక్టరు ఎప్పుడు చూశాడు? ఆ రోజే చూశాడా, నెల తర్వాత కెమెరా వారు వచ్చినప్పుడు చూపారా? ముందరి జబ్బుల సంగతి అడిగారా?

సాక్షులు విడివిడిగా చెప్పారా, కూడబలుక్కున్న తర్వాత చెప్పారా? పంచాయతీలో ఇరు పక్షాలనూ వేరు వేరుగా కూర్చోబెట్టి అడిగే పెద్దలకు దీని విలువ తెలుసు. ఒకరి మాట విన్నాక రెండవ మనిషి జ్ఞాపకం కూడా దానివైపే ఒరుగుతుంది.

వేరే కారణాలను వెతికారా? వెతికి, ఫలానా కారణం కాదని తోసిపుచ్చారా? కార్యక్రమంలో 'నిపుణుడు' అని చూపిన మనిషి చర్మ వైద్యుడా, లేక ఎగిరే పళ్లాల మీద పుస్తకాలు అమ్ముకునేవాడా?

కాదన్నవారికి మాట్లాడే అవకాశమిచ్చారా? గంట కార్యక్రమంలో అర నిమిషం ఇచ్చి మళ్లీ సంగీతం మొదలుపెడితే అది విచారణ కాదు, వినోదం. వినోదంగా చూడడంలో తప్పు లేదు. సాక్ష్యంగా నమ్మడమే తప్పు.

ముందు ఆసుపత్రి, తర్వాత ఆకాశం

ఇదంతా కాలక్షేపం కబురు కాకపోవడానికి ఒక కారణమున్నది. రాత్రి నిద్రలో ఒంటి మీద తెలియని మచ్చ పడిందంటే అన్నింటికన్నా ముందు అనుమానించవలసినది పామును. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు, గాటు సరిగా కనిపించకపోవచ్చు. కొన్ని గంటల్లో కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం మొదలవుతాయి. ఆ సమయంలో 'ఏదో వెలుగు వచ్చి రక్కింది' అని ఇంటివారు వీడియోలు తీస్తూ, మంత్రాలు వేయిస్తూ కూర్చుంటే మనిషి దక్కడు. వెంటనే 108కి ఫోను చేసి విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

తెల్లవారేసరికి గీతలాగ ఎర్రగా కందిపోయి, మర్నాటికి బొబ్బలెక్కితే చిన్న పురుగు కారణం కావచ్చు. చీమంత సన్నగా, నారింజ, నలుపు రంగు చారలతో ఉండే ఈ పురుగు వానాకాలంలో దీపం వెలుగుకు వస్తుంది. అది కుట్టదు. ఒంటి మీద పాకుతుండగా నలిపితే దాని రసం తగిలిన మేరకు కాలినట్లవుతుంది. నలపకుండా ఊది పారేయాలి. తగిలిన చోట వెంటనే సబ్బుతో కడగాలి. కంటికి తగిలితే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపాలి.

ఎవరైనా గాయం చూపి వింత కారణం చెబితే వారిని ఎగతాళి చేయడం కూడా తగదు. ఎగతాళికి భయపడినవాడు గాయాన్ని దాచుకుంటాడు, ఆసుపత్రికి పోడు. టెక్సాస్ మహిళ జబ్బు మీద దేశమంతా వాదించుకుంది గాని, ఆ జబ్బుకు సరైన కారణమేదో ఈనాటికీ తేలలేదు. ఎగిరే పళ్లెం ఉన్నదనేవారు, లేదనేవారు చివరికి తమ తమ చోట్లకు పోయారు. నొప్పి ఆమెకే మిగిలింది. గాయపడిన మనిషికి కావలసినది కెమెరా కాదు. తేదీ, వేళ, లక్షణాలు వరసగా రాసి ఉంచే డాక్టరు చీటీ. చికిత్సకూ అదే ఆధారం, నిజం తేలడానికీ అదే ఆధారం.